ఏడిపించేది ఒకడు, నవ్వేది క్లాసంతా

“మావాడు ఇంట్లో ఎవరి జోలికీ పోడు మేడమ్. చెల్లెలికి జడ కూడా వేస్తాడు. వాడు క్లాసులో ఇంకో పిల్లాణ్ణి ఏడిపిస్తున్నాడంటే ఎలా నమ్మమంటారు?” పేరెంట్స్ మీటింగుల్లో టీచర్లకు అలవాటైన మాట ఇది. ఆ తల్లి దాచిపెడుతున్నదేమీ లేదు, ఉన్నదే చెబుతోంది. టీచరు చెప్పేదీ నిజమే. ఇంట్లో అంత మెత్తగా ఉండే పిల్లాడు క్లాసులో అంత కటువుగా ఎలా మారతాడు? వాడి స్వభావాన్ని ఎంత తవ్వినా దీనికి సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం వాడి చుట్టూ కూర్చున్న నలభై మందిలో ఉంది.

ఆటపట్టించడం ఎక్కడ ఆగుతుంది, వేధింపు ఎక్కడ మొదలవుతుంది?

పిల్లలన్నాక తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, కటీఫ్ చెప్పుకుంటారు, సాయంత్రానికి కలిసి క్రికెట్ ఆడతారు. అదంతా బుల్లీయింగ్ కాదు. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ దీనికి మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, పదేపదే చేయడం, ఎదురు తిరగలేని వాడి మీద చేయడం. నా లెక్కలో అసలు గుర్తు మూడోదే. సమ ఉజ్జీలు కొట్టుకుంటే అది పోట్లాట. ఎదుటివాడు తిరిగి ఒక్క మాట అనలేని స్థితిలో ఉంటే, ఒంటి మీద చెయ్యి పడకపోయినా అది వేధింపే. ఆ బలం కండబలమే కానక్కర్లేదు. పక్కన నలుగురుండడం కావచ్చు, ఇంగ్లీషు గడగడా రావడం కావచ్చు, నాన్నకు ఊళ్లో పలుకుబడి ఉండడం కావచ్చు.

ఇది పిల్లల గొడవ కాదు, పెద్దవాళ్లు పట్టించుకోవాల్సిన సంగతి అని ఒక ప్రభుత్వం గుర్తించడానికి ప్రాణాలు పోవాల్సి వచ్చింది. 1982 చివర్లో నార్వేలో ముగ్గురు అబ్బాయిలు ఆత్మహత్య చేసుకున్నారు. ముగ్గురూ 10 నుంచి 14 ఏళ్ల మధ్యవాళ్లే. తోటి పిల్లల వేధింపులే కారణమన్న మాట దేశమంతా వినిపించింది. 1983లో అక్కడి విద్యాశాఖ దేశవ్యాప్తంగా కార్యక్రమం మొదలుపెట్టింది. ఓల్వేయస్ బెర్గెన్ నగరంలో 2,500 మంది పిల్లలతో చేసిన అధ్యయనం దాంతోపాటే నడిచింది.

లావుగా ఉన్నాడనీ, కళ్లద్దాలున్నాయనీ కదా ఏడిపిస్తారు?

అందరం అలాగే అనుకుంటాం. “సోడాబుడ్డి”, “బండోడు”, “నల్లపిల్ల” లాంటి పేర్లు వినీ వినీ, ఆ కళ్లద్దాలే, ఆ ఒళ్లే, ఆ రంగే కారణమని తీర్మానిస్తాం. ఓల్వేయస్ ఈ నమ్మకాన్ని స్వీడన్ కుర్రాళ్ల మీద పరీక్షించి చూశాడు. లావు, కళ్లద్దాలు, జుట్టు రంగు, యాస లాంటి పైకి కనిపించే తేడాలు వేధింపులకు గురయ్యే పిల్లల్లో ఎంత ఉన్నాయో, గురికాని పిల్లల్లోనూ దాదాపు అంతే ఉన్నాయి. తేడా కనిపించింది ప్రధానంగా ఒంటి బలంలో, ఎదురు చెప్పలేని బెరుకులో. క్లాసులో కళ్లద్దాలవాళ్లు ఎనిమిది మంది ఉంటే సోడాబుడ్డి అనిపించుకునేది ఒక్కడే. మిగతా ఏడుగురికి అండగా ఎవరో ఉన్నారు. కళ్లద్దాలు సాకు మాత్రమే. అవి లేకపోతే టిఫిన్ డబ్బా దొరుకుతుంది, ఇంటిపేరు దొరుకుతుంది.

కిక్కిరిసిన పెద్ద స్కూళ్లలోనే ఇదంతా ఎక్కువన్న ఊహ కూడా ఆయన లెక్కల ముందు నిలవలేదు. చిన్న ఊరి బడి కదా, అందరూ అందరికీ తెలుసు కదా అన్న ధీమా పనికిరాదన్నమాట.

మరి చూసేవాళ్లకు ఇందులో ఏం పాత్ర?

కెనడాలోని టొరంటోలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లలో ఓ పని చేశారు. పిల్లలను ప్రశ్నలు అడిగి వదిలేయకుండా, వాళ్లకు చిన్న వైర్‌లెస్ మైకులు తగిలించి, ఆటస్థలాన్ని దూరం నుంచి వీడియో తీశారు. టీచరు కంటపడనివి కెమెరాకు దొరికాయి. 2001లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం వేధింపు ఘటనల్లో 88 శాతం తోటి పిల్లల కళ్లెదుటే జరిగాయి. వాళ్లు అడ్డుపడింది 19 శాతం సార్లే. కానీ అడ్డుపడినప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో, కచ్చితంగా చెప్పాలంటే 57 శాతం సార్లు, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. టీచర్లు కలగజేసుకున్నది ఎన్నిసార్లు? అంతకు ముందరి పరిశీలనలో తేలింది 4 శాతం.

పది సెకన్లంటే “ఒరేయ్ వదిలెయ్‌రా, రా ఆడుకుందాం” అనేంత సమయం. దానికి ధైర్యసాహసాలు అక్కర్లేదు, ఉపన్యాసం అంతకంటే అక్కర్లేదు.

ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా సాల్మివల్లి 1996లో ఈ గుంపును విడదీసి చూపించింది. ఏడిపించేవాడు, ఏడ్చేవాడు కాక ఇంకా నాలుగు రకాల పిల్లలున్నారంది. ఏడిపించేవాడికి చెయ్యి కలిపేవాళ్లు కొందరు. చెయ్యి కలపకపోయినా నవ్వి, ఈల వేసి, “ఇంకోసారి అను, ఇంకోసారి” అని ఎగదోసేవాళ్లు కొందరు. మనకెందుకులే అని పక్కకు తప్పుకునేవాళ్లు కొందరు. దెబ్బతిన్నవాడి పక్షాన నిలబడేవాళ్లు ఇంకొందరు. మొత్తం తంతును నడిపేది రెండో రకంవాళ్లని నాకనిపిస్తుంది. చప్పట్లు కొట్టేవాళ్లు లేకపోతే వీధి నాటకం ఎంతసేపు సాగుతుంది? తప్పుకునేవాళ్లు తాము ఏ పక్షమూ కాదనుకుంటారు. బెంచీ చివర కూర్చున్న పిల్లాడికి మాత్రం ఆ మౌనం ఇంకోలా వినిపిస్తుంది: వీళ్లందరికీ ఇది ఇష్టమే కాబోలు.

జాలిపడే పిల్లలు నోరెందుకు మెదపరు?

విడివిడిగా అడిగితే చాలామంది పిల్లలు “పాపం సార్ వాడు” అనే చెబుతారు. కానీ పక్కవాడికి మాత్రం ఇదంతా సరదాగానే ఉందనుకుంటారు. పక్కవాడూ వీడి గురించి అదే అనుకుంటాడు. అలా ముప్ఫై మంది లోపల ఇబ్బంది పడుతూనే బయటికి నవ్వుతారు. ఆ నవ్వే ఆ క్లాసు పద్ధతి అయిపోతుంది. కొత్తగా చేరిన పిల్లకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది, ఇక్కడ ఎవర్ని చూసి నవ్వాలో.

రెండో కారణం మనం నేర్పిందే. ఎల్‌కేజీ పిల్ల వచ్చి “టీచర్, వాడు దాన్ని గిల్లుతున్నాడు” అంటే మనమేమంటాం? “చాడీలు చెప్పకు, పోయి కూర్చో.” ఇంకొకరిని ఇరికించడానికి చెప్పేది చాడీ. దెబ్బలు తింటున్నవాడి కోసం చెప్పేది చాడీ ఎలా అవుతుంది? ఈ తేడాను మనం విడమరచి చెప్పకపోవడంతో ఏడో తరగతికి వచ్చేసరికి చెప్పినవాడే ద్రోహి అవుతాడు. ఇంకో విడ్డూరం చూడండి. టీచరు బయటికెళ్తే క్లాస్ లీడర్ మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు. మాట్లాడినవాడి పేరు చెప్పడం క్రమశిక్షణ, కొట్టినవాడి పేరు చెప్పడం చాడీ.

టీచర్లు గదిలో ఉంటే ఆగిపోదా?

ఆగాలి. ఆగుతుందో లేదో ఆ టీచరు ముఖాన్ని బట్టి ఉంటుంది. ఒక్క అటెండెన్స్ చాలు చూడ్డానికి. పేరు పిలవగానే ఆ పిల్లాడు “ప్రెజెంట్ సార్” అంటాడు. వెనక బెంచీ నుంచి సన్నగా వాడి మారుపేరు వినిపిస్తుంది. రెండు వరుసలు కిసుక్కుమంటాయి. సారు రిజిస్టర్లోంచి తలెత్తకుండానే చిన్నగా నవ్వి తర్వాతి పేరు పిలుస్తారు. ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ నవ్వుతో మారుపేరుకు ముద్ర పడిపోయింది. కొన్ని క్లాసుల్లో ఇంకో మెట్టు దిగుతారు. సారే “ఒరేయ్ మొద్దూ” అని పిలుస్తారు, క్లాసంతా అందుకుంటుంది. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందని స్టాఫ్‌రూముల్లో ఎంతమందికి గుర్తుంటుంది?

ఇది ఎంత దూరం పోతుందో జపాన్‌లో కనబడింది. టోక్యోలో ఒక మిడిల్ స్కూల్లో 1985 నవంబర్లో తోటి పిల్లలు పదమూడేళ్ల కుర్రాడికి “ఉత్తుత్తి అంత్యక్రియలు” చేశారు. ఉదయం వాడు క్లాసుకు వచ్చేసరికి వాడి బల్ల మీద అగరొత్తులు, పక్కన ఒక వీడ్కోలు కార్డు. దాని మీద క్లాసులో దాదాపు అందరి సంతకాలూ ఉన్నాయి. వాటితోపాటు నలుగురు టీచర్ల సంతకాలు కూడా! సరదాకే కదా అని పెట్టారు. 1986 ఫిబ్రవరిలో ఆ పిల్లాడు ఆత్మహత్య చేసుకున్నాడు. జపాన్‌లో “ఇజిమె” అని పిలిచే ఈ వేధింపు జాతీయ చర్చగా మారడానికి ఆ ఘటన ఒక మలుపు. ఏ రౌడీ మూకో చేసింది కాదది. ఒక గదిలో ఏడాది పొడవునా కలిసి కూర్చునే పిల్లలు చేసింది. సామాజిక శాస్త్రవేత్త యోజీ మొరీటా దీన్ని నాలుగు పొరలుగా చెప్పాడు: మధ్యలో బాధితుడు, వాడి చుట్టూ చేసేవాళ్లు, ఆ చుట్టూ చూసి ఆనందించేవాళ్లు, అన్నిటికంటే వెలుపల చూసీ చూడనట్టుండేవాళ్లు. ఎంత ముదురుతుందో తేల్చేది బయటి పొరలేనన్నది ఆయన వాదన. ఇంత తెలిసీ, వేధింపుల నివారణకు జపాన్ చట్టం చేసింది 2013లో. దానికీ 2011లో ఒత్సు నగరంలో మరో పిల్లాడి ప్రాణం పోవాల్సి వచ్చింది.

టీనేజీలో ఎందుకు ముదురుతుంది?

అమ్మానాన్నల మెప్పు కంటే తోటివాళ్ల మెప్పు విలువైనదిగా కనిపించే వయసది. అమెరికాలోని నార్త్ కరోలినాలో రాబర్ట్ ఫారిస్, డయాన్ ఫెల్మ్‌లీ అనే సామాజిక శాస్త్రవేత్తలు స్కూలు పిల్లల స్నేహాల పటం గీసి, ఎవరు ఎవర్ని బాధపెడుతున్నారో చూశారు. 2011లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఓ విచిత్రం ఉంది. పలుకుబడి పెరిగేకొద్దీ ఇతరుల్ని వేధించడమూ పెరుగుతూ పోయింది. చిట్టచివర, అందరికంటే పైనున్న 2 శాతం దగ్గర మాత్రం పడిపోయింది. వాళ్లకు ఇక ఎక్కాల్సిన మెట్టు లేదు. అంటే ఈ పని ఎక్కువగా చేసేది పైకి ఎక్కుతున్నవాళ్లూ, ఎక్కింది జారిపోతుందేమోనని భయపడేవాళ్లూ.

ఆడపిల్లల్లో దీని రూపం వేరుగా ఉండొచ్చు. చెయ్యి లేవదు, గొంతు లేవదు. లంచ్ బెల్లు కొట్టగానే ఐదుగురూ డబ్బాలు తెరిచి గుండ్రంగా కూర్చుంటారు. ఆరో పిల్ల వస్తే ఎవరూ పొమ్మనరు. జరిగి చోటు మాత్రం ఇవ్వరు. టీచరు చూస్తే పిల్లలు అన్నం తింటున్నారంతే.

మెట్లు ఎంత నిటారుగా ఉంటే తొక్కిసలాట అంత ఎక్కువ. సాల్మివల్లి బృందం 2014లో చూపించింది అదే: మాట చెల్లుబడి ఒకరిద్దరి చేతిలోనే పోగుపడిన క్లాసుల్లో ఆ తర్వాత నెలల్లో వేధింపులు పెరిగాయి. ఇది చదివినప్పుడు నాకు మన తెలుగు రాష్ట్రాల్లో ర్యాంకుల వారీగా విడదీసే సెక్షన్లు గుర్తొచ్చాయి. వారాంతపు టెస్టు, సోమవారానికల్లా నోటీసు బోర్డు మీద పేర్లు, ఆ పేర్లను బట్టి పై సెక్షన్, కింది సెక్షన్. మార్కుల పోటీ దానంతటదే వేధింపుకు కారణమని ఓల్వేయస్ లెక్కల్లో రుజువు కాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నా అభ్యంతరం పోటీ మీద కాదు. ఎవడు ఎంత విలువైనవాడో సంస్థే గోడకు అతికించి చెప్పడం మీద. కింది సెక్షన్ పిల్లాణ్ణి పై సెక్షన్ వాడు “వేస్ట్ బ్యాచ్” అంటే, వాడు కొత్తగా కనిపెట్టిన మాట ఏముంది అందులో?

ఊళ్లోని కులం, డబ్బు క్లాసులోకి ఎలా వస్తాయి?

గేటు దగ్గర వాటినెవరూ ఆపరు. సతారా బడిలో అంబేద్కర్ కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. కుళాయి విప్పడానికి ప్యూన్ లేని రోజు ఆ పిల్లాడికి నీళ్లు లేవు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఎవరు అంటరానివాడో తోటి పిల్లలు కనిపెట్టలేదు, పెద్దవాళ్లు గీసిన గీత మీద నడిచారు.

అదంతా వందేళ్ల నాటి మాట అనుకునేవాళ్లు తిరునల్వేలి వైపు చూడాలి. 2023 ఆగస్టులో ఆ జిల్లా నాంగునేరిలో ఇంటర్ వయసు దళిత విద్యార్థి మీదా, వాడి చెల్లెలి మీదా తోటి విద్యార్థులు ఇంటికొచ్చి కొడవళ్లతో దాడి చేశారు. వేధిస్తున్నారని వాడు స్కూల్లో ఫిర్యాదు చేశాడనే వాళ్ల కోపం. తమిళనాడు ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రుతో కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఆయన ఇచ్చిన నివేదికలో ఒక సిఫార్సు బయటివాళ్లకు వింతగా అనిపిస్తుంది: పిల్లలు చేతికి రంగు రంగుల బ్యాండ్లు కట్టుకోకూడదు. ఎందుకంటే అక్కడ ఆ రంగు కులానికి గుర్తు. ఎవడి వెనక ఎవరున్నారో మణికట్టు చెబుతుంది. స్కూళ్ల పేర్లలోంచి కులం పేర్లు తీసేయాలని కూడా ఆయన సూచించాడు.

అలాంటి బ్యాండే ఇంకో చోట ఏం చేసిందో చూడండి. అమెరికాలోని న్యూజెర్సీలో ఎలిజబెత్ పాలక్ బృందం 2012–13లో 56 మిడిల్ స్కూళ్లు, 24,191 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. “నువ్వు ఎక్కువగా ఎవరితో గడుపుతావు?” అని ప్రతి పిల్లనూ అడిగి, సగం స్కూళ్లలో కొద్దిమంది పిల్లలను ఎంచుకుని, ఇక్కడి గొడవలకు మీరే ఏదైనా ఉపాయం చెప్పండన్నారు. పోస్టర్లు, నినాదాలు పిల్లలే తయారుచేశారు. ఎవరైనా గొడవ ఆపినా, మంచిపని చేసినా వాళ్ల చేతికి ఒక నారింజ రంగు బ్యాండ్ తొడిగారు. ఆ స్కూళ్లలో గొడవల మీద నమోదైన క్రమశిక్షణ కేసులు సగటున 30 శాతం తగ్గాయి. ఎంచుకున్న వాళ్లలో అందరి కళ్లూ తమ మీద ఉండే పిల్లలు ఎక్కువున్న చోట ఫలితం ఇంకా గట్టిగా కనిపించింది. ఇలాంటి పిల్లలు ఎప్పుడూ బుద్ధిమంతులే అయి ఉండరు. మన స్కూళ్లలో ఇలాంటి బాధ్యతలు ఎప్పుడూ ఫస్టు ర్యాంకు పిల్లకే ఇస్తాం. ఆ పిల్ల మాట వెనక బెంచీ ఏనాడు విన్నది గనక?

ర్యాగింగ్ మీద చట్టం ఉంది కదా, చాలదా?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన రాఘవన్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది, 2009లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. భయం పెట్టడానికి చట్టం కావాలి. కానీ హాస్టల్లో సీనియర్ల చేతిలో నిరుడు మోకాళ్ల మీద నిలబడినవాడు ఈ ఏడాది జూనియర్‌ను నిలబెట్టడానికి ఎదురుచూస్తుంటాడు. తనకు జరిగింది అన్యాయమని వాడికెవరూ చెప్పలేదు. “మేమూ పడ్డాం” అని మాత్రం చెప్పారు. అలా అప్పు తీర్చుకునే హక్కులాగా అది బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి చేరుతుంది.

ఫోన్ల సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. పాత రోజుల్లో ఆఖరి బెల్లు కొడితే నవ్వేవాళ్లు ఇళ్లకు పోయేవాళ్లు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో, ఇన్‌స్టాగ్రామ్‌లో రాత్రి పదకొండు గంటలకు కూడా నవ్వుతుంటారు. ఒక్కో నవ్వు ఎమోజీ ఎవరు పెట్టారో పేరుతో సహా కనిపిస్తుంది.

ఇంట్లో తల్లిదండ్రులు చేయగలిగింది?

“నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా?” అని అడిగితే “లేదు” అనే వస్తుంది. సిగ్గు, భయం, మీరొచ్చి ప్రిన్సిపాల్ గదిలో రభస చేస్తారేమోనన్న బెంగ. వేరేలా అడగండి. ఇవాళ లంచ్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు? పీఈటీ పీరియడ్లో టీములు వేసుకుంటే ఆఖరికి మిగిలింది ఎవరు? మీ క్లాసులో దేనికి అందరూ బాగా నవ్వుతారు? ఈ చివరి ప్రశ్నకు పిల్లలు ఉత్సాహంగా జవాబు చెబుతారు. వినేటప్పుడు మీరు కూడా నవ్వేస్తే అక్కడితో ఆ తలుపు మూసుకున్నట్టే. ఇంట్లో పనిమనిషిని, వాచ్‌మన్‌ను, బావమరిది నత్తిని మనం ఎలా వెక్కిరిస్తామో కూడా ఆ పిల్లలు వింటూనే ఉంటారు.

పిల్లలు బడికి పోనని మొండికేస్తున్నా, తిండీ నిద్రా తగ్గినా, చచ్చిపోవాలని ఉందన్న మాట వచ్చినా ఆలస్యం చేయొద్దు. చైల్డ్‌లైన్ నంబరు 1098, మానసిక సహాయానికి టెలీ మానస్ నంబరు 14416. ఆ పిల్లాణ్ణి సెక్షన్ మార్చడం కొన్నిసార్లు తప్పదు. కానీ మారాల్సింది ఎప్పుడూ దెబ్బతిన్నవాడే ఎందుకో స్కూలును అడగండి.

క్లాసంతా బాగుపడ్డాక కూడా ఒకడు మిగిలితే?

ఈ ప్రశ్న తక్కువమందికి తడుతుంది. ఫిన్లాండ్ తుర్కు విశ్వవిద్యాలయంలో తయారైన “కివా” అనే వేధింపుల నివారణ కార్యక్రమాన్ని 2009 నుంచి దేశమంతటా అమలు చేశారు. ఇంటర్వెల్లో కాపలా ఉండే టీచర్లకు దూరానికే కనిపించే రంగు జాకెట్లు, పిల్లలకు పాఠాలు, ఒక్కో ఘటనను పట్టించుకోవడానికి స్కూల్లో ఒక చిన్న బృందం. మొదటి ఏడాది వేధింపులు సుమారు 15 శాతం తగ్గాయి. తక్కువ అనిపిస్తుందేమో, దేశం మొత్తం మీద లెక్కేస్తే వేల మంది పిల్లలు.

అయితే వేధింపులు బాగా తగ్గిన క్లాసులో ఇంకా వేధింపుకు గురవుతున్న పిల్లాడు మునుపటికంటే ఎక్కువ కుంగిపోతాడని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. పదిమంది దెబ్బలు తింటుంటే తప్పు కొట్టేవాళ్లది అనుకోవచ్చు. తానొక్కడే మిగిలితే లోపం తనలోనే ఉందనుకుంటాడు. క్లాసు సగటు చూసి సంతోషించే హెడ్మాస్టరుకు ఆ పిల్లాడు కనిపించడు. కివాలో దీనికొక చిన్న ఏర్పాటుంది. ఆ పిల్లాడి క్లాసులోంచే ఇద్దరు ముగ్గుర్ని టీచరు విడిగా పిలిచి, వాడి పక్కన ఉండమని అడుగుతారు. బస్సులో సీటు, ఇంటర్వెల్లో ఆట, గ్రూప్ ప్రాజెక్టులో చోటు, అంతే పని. ఆ ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకునేటప్పుడు మార్కుల జాబితా పక్కన పెట్టి, క్లాసులో ఎవరి మాట చెల్లుతుందో చూసుకోవాలి. ఆ జాబితా స్టాఫ్‌రూములో దొరకదు. ఏ పిల్లను అడిగినా రెండు నిమిషాల్లో రాసిస్తుంది.